వైబీసీఓ పెల్లెట్ ల్యాబ్‌లో సరిగ్గా చెయ్యడం ఎలా: తూకం నుంచి ఫోర్ ప్రోబ్ గ్రాఫ్ దాకా సమగ్ర మార్గదర్శి

ఎమ్మెస్సీ ప్రాజెక్ట్‌కి వైబీసీఓ అనే హై టెంపరేచర్ సూపర్ కండక్టర్ (చల్లబరిస్తే కరెంట్‌కి రెసిస్టెన్స్ పూర్తిగా పోయే పదార్థం) తీసుకున్నవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "పెల్లెట్ నల్లగా వచ్చింది, ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-కిరణాలతో స్ట్రక్చర్ చూసే పరీక్ష)లో పీక్స్ అన్నీ ఉన్నాయి, కానీ లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచితే మాగ్నెట్ కదలట్లేదు, ఎక్కడ తప్పు జరిగింది?" వివరాలు కనుక్కుంటే చాలాసార్లు ఒకటే బయటపడుతుంది: పై టెంపరేచర్ ఎంతో బాగా రాసుకున్నారు, కిందికి ఎలా దించారో రాసుకోలేదు. వైబీసీఓలో అసలు పని ఫర్నేస్ వేడెక్కేటప్పుడు కాదు, చల్లారేటప్పుడు జరుగుతుంది. ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ఇది కాలేజ్ ల్యాబ్‌లో, గైడ్ లేదా ల్యాబ్ ఇన్‌ఛార్జ్ పక్కన ఉండగా చేసే పని. బేరియం కార్బొనేట్ విషం, ఆక్సిజన్ సిలిండర్, 940 డిగ్రీల ఫర్నేస్, లిక్విడ్ నైట్రోజన్ నాలుగూ ఉన్నాయి కాబట్టి ఇంట్లో ట్రై చెయ్యొద్దు. కింద డిగ్రీలు అని రాసిన ప్రతిచోటా సెంటీగ్రేడ్ అనుకోండి, బాగా చల్లటి టెంపరేచర్లు మాత్రం కెల్విన్‌లో ఇచ్చా.

## 1. చెయ్యి పెట్టే ముందు ఈ కాస్త ఫిజిక్స్

ఇది స్కిప్ చేస్తే ఏడో స్టెప్‌లో ఎందుకు అంతసేపు కూర్చోవాలో అర్థం కాదు, అర్థం కాకపోతే తొందరపడతారు.

వైబీసీఓ అంటే ఒక ఇట్రియం, రెండు బేరియం, మూడు కాపర్, దాదాపు ఏడు ఆక్సిజన్. అందుకే దీన్ని 123 అంటారు. లోపల కాపర్ రెండు రకాల చోట్ల ఉంటుంది. ఒకటి కాపర్-ఆక్సిజన్ ప్లేన్స్, కరెంట్ రెసిస్టెన్స్ లేకుండా పారేది ప్రధానంగా ఇక్కడే. రెండోది కాపర్-ఆక్సిజన్ చెయిన్స్, ఆక్సిజన్ ఎక్కువ తక్కువలు జరిగేది ఇక్కడ.

చెయిన్స్‌లో ఆక్సిజన్ పూర్తిగా లేకపోతే, అంటే ఆక్సిజన్ 6 దగ్గర ఉంటే, పదార్థం ఇన్సులేటర్. మామూలు బ్యాండ్ థియరీ (ఎలక్ట్రాన్స్ ఒకదాన్నొకటి తోసుకోవడాన్ని పెద్దగా పట్టించుకోని లెక్క) ప్రకారం అది మెటల్ అవ్వాలి, కానీ ప్లేన్‌లో ఒకే కాపర్ మీద రెండు హోల్స్ (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు) పక్కపక్కన ఉండటానికి ఖర్చయ్యే ఎనర్జీ చాలా ఎక్కువ కాబట్టి ప్రతి చార్జ్ తన కాపర్ దగ్గరే ఇరుక్కుపోతుంది, పక్కపక్క కాపర్ల స్పిన్స్ ఒకటి పైకి ఒకటి కిందికి సర్దుకుని యాంటీఫెర్రోమాగ్నెట్ అవుతుంది. ఇదే మాట్ ఇన్సులేటర్.

చెయిన్స్‌లోకి ఆక్సిజన్ వచ్చేకొద్దీ అది ప్లేన్స్ నుంచి ఎలక్ట్రాన్స్‌ని లాక్కుంటుంది, ప్లేన్స్‌లో హోల్స్ మిగులుతాయి. హోల్స్ తగినన్ని చేరాక ఇరుక్కుపోయిన చార్జ్‌కి కదలిక వస్తుంది, ఇంకా చల్లబరిస్తే రెండేసి జతలు కట్టి సూపర్ కండక్టర్ అవుతుంది. ప్లేన్‌లో ఒక్కో కాపర్‌కి సుమారు 0.16 హోల్ ఉన్నప్పుడు టీసీ (సూపర్ కండక్టర్‌గా మారే టెంపరేచర్) అత్యధికం, అటూ ఇటూ పోతే తగ్గుతుంది. గ్రాఫ్ గీస్తే గుమ్మటంలా వస్తుంది. ఈ జతలు డీ-వేవ్ (నాలుగు రెక్కల) ఆకారంలో ఉంటాయని ప్రయోగాలు గట్టిగా చూపించాయి, జతల్ని కట్టే శక్తి ఏంటన్నదాని మీద మాత్రం ఈరోజుకీ శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు, స్పిన్ ఫ్లక్చుయేషన్స్ (స్పిన్స్ ఊగిసలాట) వైపు మొగ్గేవాళ్ళు ఎక్కువ.

ఇప్పుడు మీ పనికి పనికొచ్చే అంకెలు:

- ఆక్సిజన్ 6 నుంచి సుమారు 6.35 దాకా: సూపర్ కండక్టర్ కాదు
- 6.5 నుంచి 6.7 మధ్య: టీసీ 60 కెల్విన్ దగ్గర ఆగిపోతుంది
- 6.85 దాటాక: టీసీ 90 కెల్విన్ పైన, 6.93 దగ్గర సుమారు 93

లిక్విడ్ నైట్రోజన్ మరిగేది 77 కెల్విన్ దగ్గర. కాబట్టి 6.6 ఆక్సిజన్ ఉన్న పెల్లెట్ నిజంగా సూపర్ కండక్టరే, కానీ మీ నైట్రోజన్ గిన్నెలో అది ఎప్పటికీ బయటపడదు. "ఫెయిల్ అయింది" అని పారేసిన పెల్లెట్స్‌లో చాలావరకు ఇలాంటివే. వాటిని పారేయకండి, పదో స్టెప్ చూడండి.

## 2. ముందే సర్దుకోవాల్సినవి

- ఇట్రియం ఆక్సైడ్, బేరియం కార్బొనేట్, కాపర్ ఆక్సైడ్ (నల్లది, క్యూప్రిక్), మూడూ 99.9 శాతం ప్యూరిటీ లేదా అంతకన్నా మెరుగు
- 0.1 మిల్లీగ్రాము దాకా చూపించే బ్యాలెన్స్
- అగేట్ కల్వం, ఎసిటోన్
- అల్యూమినా బోట్ లేదా క్రూసిబుల్
- ప్రోగ్రామబుల్ ఫర్నేస్, వీలైతే ట్యూబ్ ఫర్నేస్
- ఆక్సిజన్ సిలిండర్, రెగ్యులేటర్, ఫ్లో మీటర్
- పెల్లెట్ డై, హైడ్రాలిక్ ప్రెస్
- ఎన్95 మాస్క్, గ్లవ్స్, కళ్ళద్దాలు
- డెసికేటర్

బేరియం కార్బొనేట్ నీళ్ళలో కరగదు కదా అని తేలిగ్గా తీసుకుంటారు, కడుపులోకి పోతే అక్కడి యాసిడ్‌లో బాగానే కరుగుతుంది, అదే ప్రమాదం. మాస్క్ లేకుండా నూరొద్దు, అదే టేబుల్ మీద టీ గ్లాసు పెట్టొద్దు, అయ్యాక చేతులు సబ్బుతో కడగండి.

ఆక్సిజన్ రెగ్యులేటర్‌కి నూనె, గ్రీజు అస్సలు తగలకూడదు. థ్రెడ్ బిగుసుకుపోయిందని ఎవరైనా నూనె చుక్క వెయ్యబోతే ఆపండి, ప్రెషర్‌లో ఉన్న ఆక్సిజన్‌కి నూనె తోడైతే అంటుకుంటుంది.

## 3. తూకం

పౌడర్లు డబ్బాలోంచి తీసి నేరుగా తూచకండి. ఇట్రియం ఆక్సైడ్ గాలిలోని తేమని, కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటుంది, దాన్ని 900 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి డెసికేటర్‌లో చల్లార్చాలి. మిగతా రెండూ 200 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెడితే చాలు.

10 గ్రాముల వైబీసీఓకి (ఆక్సిజన్ 7 అనుకుని) లెక్క ఇదీ:

- ఇట్రియం ఆక్సైడ్: 1.695 గ్రాములు
- బేరియం కార్బొనేట్: 5.924 గ్రాములు
- కాపర్ ఆక్సైడ్: 3.582 గ్రాములు
- మొత్తం: 11.201 గ్రాములు

ఇట్రియం ఆక్సైడ్ ఒక మోల్‌లో రెండు ఇట్రియంలు ఉంటాయి కాబట్టి అర మోల్ మాత్రమే తీసుకోవాలి. ఇక్కడ తప్పు చేస్తే ఇట్రియం డబుల్ అవుతుంది, పెల్లెట్ పచ్చగా వస్తుంది, ఆ తర్వాత ఎంత కాల్చినా బాగుపడదు. కొత్తగా చేసేవాళ్ళు ఎక్కువగా పొరపాటు పడేది ఈ లెక్కలోనే, గైడ్‌కి ఒకసారి చూపించాకే తూచండి.

## 4. నూరడం

కల్వంలో ముందు తక్కువ బరువున్న పౌడర్ వేసి, మిగతావి కొంచెం కొంచెంగా కలపండి. ఎసిటోన్ పోసి పల్చటి ముద్దలా చేసి అది ఆరిపోయేదాకా నూరండి, మళ్ళీ పోసి మళ్ళీ నూరండి, మొత్తం ముప్పావు గంట నుంచి గంట. నీళ్ళు మాత్రం వాడొద్దు. ఎసిటోన్ వాడేటప్పుడు దగ్గర్లో మంట, వేడి ఫర్నేస్ ఉండకూడదు, కిటికీలు తెరిచి ఉండాలి.

అయిందని ఎలా తెలుస్తుంది? ఆరిన పౌడర్‌ని తెల్ల కాగితం మీద వేసి స్పాచులాతో పల్చగా రాయండి. మొత్తం ఒకే బూడిద రంగు ఉండాలి. తెల్ల చారలు కనపడితే బేరియం కార్బొనేట్ ఇంకా విడిగా ఉన్నట్టు, ఇంకో ఇరవై నిమిషాలు నూరండి. ఘన పదార్థాల మధ్య రియాక్షన్ గింజ గింజని తాకే చోటే మొదలవుతుంది, అక్కడి నుంచి అయాన్లు నెమ్మదిగా లోపలికి పాకాలి, గింజ ఎంత పెద్దదైతే అంత టైం పడుతుంది.

## 5. కాల్సినేషన్, అంటే మొదటి కాల్పులు

పౌడర్‌ని లోతైన క్రూసిబుల్‌లో కుప్పగా పొయ్యకుండా వెడల్పు బోట్‌లో పల్చగా పరవండి, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవాలి కదా.

1. బోట్ ఖాళీగా తూచండి, పౌడర్‌తో తూచండి, రెండూ రాసుకోండి
2. నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 900 దాకా
3. 900 దగ్గర 18 నుంచి 24 గంటలు
4. ఫర్నేస్‌లోనే చల్లారనివ్వండి
5. తూచండి, మళ్ళీ నూరండి
6. 910 నుంచి 920 దగ్గర ఇంకోసారి, మళ్ళీ నూరి మూడోసారి

"ఎలాగూ 940కి పోవాలి కదా, మొదటిసారే 940 పెడితే త్వరగా అయిపోతుంది" అని చాలామందికి అనిపిస్తుంది. అలా చెయ్యకండి. రియాక్షన్ పూర్తికాని మిశ్రమంలో బేరియం క్యూప్రేట్, కాపర్ ఆక్సైడ్ పక్కపక్కనే ఉంటాయి, ఈ రెండూ కలిసి 900 డిగ్రీలు దాటిన కాసేపటికే కరగడం మొదలుపెడతాయి. ఆ కరిగిన ద్రవం బోట్ అల్యూమినాని తింటుంది, పౌడర్ బోట్‌కి అతుక్కుంటుంది, కాంపొజిషన్ పాడవుతుంది. 123 పూర్తిగా తయారయ్యాక మాత్రం అది సుమారు 1010 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, అందుకే ముందు తక్కువలో తయారవ్వనిచ్చి తర్వాత పైకి పోతాం.

బరువు చెక్ ఇక్కడ చాలా ఉపయోగం. కార్బొనేట్ అంతా విడిపోతే మొత్తం బరువులో 11 నుంచి 12 శాతం పోవాలి. నూరేటప్పుడు కల్వానికి అంటుకునే పౌడర్ ఈ లెక్కలోకి రాకుండా ప్రతిసారీ కాల్చే ముందు, కాల్చిన తర్వాత బోట్‌తో సహా తూచి ఆ శాతాలు కలుపుకోండి. మొత్తం 10 శాతం దాటలేదంటే కార్బొనేట్ మిగిలే ఉంది, ఇంకో రౌండ్ తప్పదు.

మూడో కాల్పు తర్వాత పౌడర్ నల్లగా ఉండాలి, పచ్చ ఛాయ ఉండకూడదు. ఎక్స్‌ఆర్‌డీ దొరికితే ఈ దశలోనే ఒకసారి తీయించండి. కాపర్ కే-ఆల్ఫా రేడియేషన్‌తో టూ-తీటా (ఇది ఎక్స్‌ఆర్‌డీ కోణం, టెంపరేచర్ కాదు) 24 డిగ్రీల దగ్గర పీక్ ఉంటే బేరియం కార్బొనేట్, 35.5, 38.7 దగ్గర ఉంటే కాపర్ ఆక్సైడ్, 30 చుట్టుపక్కల ఉంటే పచ్చ ఫేజ్ 211 (రెండు ఇట్రియం, ఒక బేరియం, ఒక కాపర్ ఉన్న వేరే పదార్థం).

## 6. పెల్లెట్ నొక్కడం

13 మిల్లీమీటర్ల డైలో సుమారు ఒకటిన్నర గ్రాము పౌడర్, 3 నుంచి 5 టన్నుల లోడ్, రెండు మూడు నిమిషాలు పట్టి ఉంచి నెమ్మదిగా వదలండి. గబుక్కున వదిలితే పెల్లెట్ అడ్డంగా పొరలుగా విడిపోతుంది.

ఎంత గట్టిగా నొక్కితే అంత మంచిది అనుకోవద్దు. మరీ దట్టంగా చేస్తే తర్వాత ఆక్సిజన్ లోపలికి పోవడానికి దారి ఉండదు, పైపొర 6.9 దగ్గర, మధ్యలో 6.5 దగ్గర ఆగిపోతుంది. అసలు డెన్సిటీ సుమారు 6.4 గ్రాములు పర్ సీసీ, సింటర్ అయ్యాక (కాల్చి గింజలు అతుక్కుని గట్టిపడ్డాక) దాన్లో 80 నుంచి 85 శాతం వస్తే ఈ పనికి సరిపోతుంది.

ఒకే పౌడర్‌తో కనీసం మూడు పెల్లెట్స్ చేసుకోండి. ఒకటి మాగ్నెట్ టెస్ట్‌కి, ఒకటి కోసి ఫోర్ ప్రోబ్‌కి (నాలుగు తీగలతో రెసిస్టెన్స్ కొలవడం), ఇంకొకటి చివర్లో చెప్పే క్వెంచ్ (వేడి మీద నుంచి ఒక్కసారిగా చల్లార్చే) ప్రయోగానికి.

## 7. సింటరింగ్, ఆక్సిజన్ ఎక్కించడం

మిగతా ఏ స్టెప్‌లో అయినా కాస్త అటూ ఇటూ అయితే సర్దుకోవచ్చు, ఇక్కడ మాత్రం తొందర పనికిరాదు.

బోట్‌లో అదే వైబీసీఓ పౌడర్ పల్చగా పరిచి దానిమీద పెల్లెట్ పెట్టండి, పెల్లెట్ అల్యూమినాకి నేరుగా తగలకూడదు. ట్యూబ్ ఫర్నేస్ ఒక చివర నుంచి ఆక్సిజన్ పంపండి, రెండో చివర పైపు నీళ్ళ సీసాలో ముంచితే బుడగలు చూసి ఫ్లో ఉందో లేదో తెలుస్తుంది. ఐతే ఫర్నేస్‌కి, నీళ్ళ సీసాకి మధ్యలో ఒక ఖాళీ సీసా తప్పకుండా పెట్టండి. చల్లారేటప్పుడు ట్యూబ్‌లో గ్యాస్ కుంచించుకుంటుంది, ఆ టైంలో ఫ్లో తగ్గినా, సిలిండర్ అయిపోయినా నీళ్ళు వెనక్కి లాక్కుని నేరుగా వేడి ట్యూబ్‌లోకి వెళ్తాయి. ఖాళీ సీసా ఉంటే అందులో ఆగిపోతాయి.

ప్రోగ్రామ్ ఇలా పెట్టండి:

1. నిమిషానికి 3 నుంచి 5 డిగ్రీల చొప్పున 940 దాకా
2. 940 దగ్గర 12 నుంచి 24 గంటలు
3. నిమిషానికి 1 డిగ్రీ చొప్పున 700 దాకా
4. అదే వేగంతో లేదా ఇంకా నెమ్మదిగా 500 దాకా
5. 450 నుంచి 500 మధ్య 24 గంటలు
6. నిమిషానికి 1 డిగ్రీ చొప్పున 200 దాకా, తర్వాత ఫర్నేస్ ఆఫ్

ఆక్సిజన్ ఫ్లో మొదటి నిమిషం నుంచి చివరిదాకా ఆగకూడదు. సిలిండర్‌లో సరిపడా గ్యాస్ ఉందో లేదో ముందే చూసుకోండి, కరెంట్ పోతే ఫర్నేస్ ప్రోగ్రామ్ మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుందా, ఆగిన చోటు నుంచే కొనసాగుతుందా కూడా కనుక్కోండి. వేసవిలో కరెంట్ కోతలుండే చోట ఇది చిన్న విషయం కాదు, రాత్రి రెండింటికి కరెంట్ పోయి వస్తే పొద్దున్నకి ఏం జరిగిందో మీకు తెలీదు, అందుకే టెంపరేచర్ లాగ్ ఉంచుకోండి.

లోపల ఏం జరుగుతోందంటే, 940 దగ్గర పెల్లెట్‌లో ఆక్సిజన్ సుమారు 6.2, 6.3 దగ్గరే ఉంటుంది, ఆ వేడిలో అంతకన్నా పట్టదు. అప్పుడు స్ట్రక్చర్ టెట్రాగొనల్, అంటే ఎ, బి అక్షాలు సమానం, చెయిన్స్‌లో ఆక్సిజన్ ఎక్కడపడితే అక్కడ చెల్లాచెదురుగా ఉంటుంది. కిందికి దించేకొద్దీ బయట ఆక్సిజన్ లోపలికి చేరి బి అక్షం వెంట వరుసగా కూర్చుంటుంది, 700, 600 డిగ్రీల మధ్య స్ట్రక్చర్ ఆర్థోరాంబిక్‌గా మారుతుంది, ఎ సుమారు 3.82 ఆంగ్‌స్ట్రామ్, బి సుమారు 3.89 అవుతాయి. ఇంకా చల్లబడితే ఎక్కువ ఆక్సిజన్ పట్టే సామర్థ్యం పెరుగుతుంది, కానీ ఆక్సిజన్ కదిలే వేగం పడిపోతుంది. 350 కింద ఆ వేగం మరీ తక్కువ కాబట్టి ఎంతసేపు ఉంచినా పెద్దగా లాభం లేదు. సామర్థ్యం, వేగం రెండూ కలిసొచ్చే చోటు 450-500, అందుకే అక్కడ ఒక రోజు.

ఆక్సిజన్ సిలిండర్ లేనివాళ్ళు గాలిలో కూడా చెయ్యొచ్చు. 450 దగ్గర రెండు రోజులు ఉంచండి, దించే వేగం సగానికి తగ్గించండి. 77 కెల్విన్ పైన టీసీ వచ్చే అవకాశం ఉంది, ట్రాన్సిషన్ మాత్రం కొంచెం వెడల్పుగా వస్తుంది.

బయటికి తీశాక చెక్ చేసుకోవాల్సినవి:

- రంగు నలుపు, పచ్చ మచ్చలు లేవు
- పెల్లెట్ వంగలేదు, బోట్‌కి అతుక్కోలేదు
- మల్టీమీటర్ ప్రోబ్స్ ఆనిస్తే కిలో ఓమ్స్ కాకుండా కొద్ది ఓమ్స్ మాత్రమే చూపిస్తోంది
- ఎక్స్‌ఆర్‌డీలో 32.5, 32.8 దగ్గర జంట పీక్స్‌లో కుడివైపుది (32.8) పెద్దది

ఆఖరిది చాలామంది పట్టించుకోరు. ఆ జంటలో ఎడమవైపుది పెద్దగా ఉంటే స్ట్రక్చర్ టెట్రాగొనల్‌గానే ఉండిపోయింది, ఆక్సిజన్ ఎక్కలేదు. "పీక్స్ అన్నీ ఉన్నాయి" అంటే చాలదు, ఏది పెద్దదో చూడాలి.

## 8. లిక్విడ్ నైట్రోజన్‌లో మాగ్నెట్ టెస్ట్

పల్లెటూళ్ళ పశువుల ఆసుపత్రిలో ఆవులకి, గేదెలకి వేసే సెమెన్ స్ట్రాలు దాచే కంటైనర్లు చూసే ఉంటారు, వాటిలో ఉండేది ఇదే లిక్విడ్ నైట్రోజన్. కాలేజీలకి గ్యాస్ సప్లయర్స్ ఇస్తారు, మీ డిపార్ట్‌మెంట్ ద్వారా తెప్పించుకోండి.

ముందు జాగ్రత్తలు:

- ఒక లీటర్ ద్రవం దాదాపు 700 లీటర్ల గ్యాస్ అవుతుంది, కిటికీలు మూసిన చిన్న గదిలో చెయ్యొద్దు
- కంటైనర్ మూత బిగించొద్దు, పేలుతుంది
- లిఫ్ట్‌లో కంటైనర్‌తో పాటు మనిషి ఎక్కొద్దు
- కాటన్ గ్లవ్స్ వద్దు, ద్రవాన్ని పీల్చి చేతికి అంటిపెడతాయి, వదులుగా ఉండే క్రయో గ్లవ్స్ వాడండి
- కళ్ళద్దాలు, కాళ్ళకి బూట్లు

థర్మోకోల్ గిన్నెలో పెల్లెట్ పెట్టి ద్రవాన్ని నెమ్మదిగా పొయ్యండి. మొదట కాసేపు మామూలుగా మరుగుతుంది, తర్వాత ఒక్కసారిగా బుడగలు బుసబుసమని పొంగి వెంటనే సద్దుమణుగుతాయి. అప్పటిదాకా పెల్లెట్ చుట్టూ గ్యాస్ పొర ఉండి ద్రవం తగలనివ్వలేదు, ఆ పొర పోగానే ద్రవం నేరుగా తాకింది. ఆ సద్దుమణిగే క్షణం తర్వాతే టెస్ట్ మొదలుపెట్టాలి, ముందే మాగ్నెట్ పెట్టి రాలేదనుకోవద్దు.

మాగ్నెట్ 3 నుంచి 5 మిల్లీమీటర్ల చిన్న నియోడిమియం ముక్క తీసుకోండి, ప్లాస్టిక్ పట్టకారుతో పెట్టండి. పెద్ద మాగ్నెట్ బరువుని మామూలు సింటర్డ్ పెల్లెట్ లేపలేదు. బాగున్న పెల్లెట్ మీద మాగ్నెట్ ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎత్తులో నిలబడుతుంది, పట్టకారు కొనతో మెల్లగా తిప్పితే తిరుగుతుంది.

ఇక్కడ రిపోర్టుల్లో ఎక్కువగా కనపడే తప్పు: చల్లబరిచాక మాగ్నెట్ తెచ్చి పెడితే తేలింది, కాబట్టి మైస్నర్ ఎఫెక్ట్ అని రాసేస్తారు. రెసిస్టెన్స్ సున్నా ఉన్న ఏ పదార్థమైనా దగ్గరికొచ్చే మాగ్నెట్‌ని ఇండ్యూస్డ్ కరెంట్స్‌తో తోసేస్తుంది, దానికి మైస్నర్ అక్కర్లేదు. మాగ్నెట్‌ని ముందే పెల్లెట్ మీద పెట్టి, తర్వాత చల్లబరిచినప్పుడు అది తనంతట తాను లేస్తే లోపలున్న ఫీల్డ్‌ని బయటికి నెట్టింది అన్నట్టు, మైస్నర్ అంటే అదీ. సింటర్డ్ పెల్లెట్స్‌లో కొంత ఫీల్డ్ లోపల చిక్కుకుపోతుంది కాబట్టి ఈ రెండో టెస్ట్‌లో కొంచెమే లేవొచ్చు, ఒక్కోసారి లేవకపోవచ్చు. రెండు టెస్టులూ చేసి రెండూ విడివిడిగా రాయండి.

## 9. ఫోర్ ప్రోబ్ కొలత

డైమండ్ సా లేదా సన్నని బ్లేడ్‌తో, నీళ్ళు తగలకుండా, 10 × 2 × 1 మిల్లీమీటర్ల కడ్డీ కోసుకోండి. నాలుగు సన్నని రాగి తీగలు, నాలుగు సిల్వర్ పేస్ట్ చుక్కలు: చివర రెండూ కరెంట్‌కి, మధ్య రెండూ వోల్టేజ్‌కి.

రెండు తీగలతో కొలిస్తే కాంటాక్ట్ రెసిస్టెన్స్ కూడా కలిసిపోతుంది, అది శాంపిల్ రెసిస్టెన్స్ కన్నా ఎన్నో రెట్లు పెద్దది, టీసీ దగ్గర చిన్న మెట్టు మాత్రం కనపడి సున్నా ఎప్పటికీ రాదు.

ఎంత వోల్టేజ్ వస్తుందో ముందే లెక్కేసుకోండి. మామూలు పెల్లెట్‌కి రూమ్ టెంపరేచర్‌లో రెసిస్టివిటీ ఒక మిల్లీ ఓమ్ సెంటీమీటర్ దరిదాపుల్లో ఉంటుంది. వోల్టేజ్ తీగల మధ్య 5 మిల్లీమీటర్లు అయితే పైన చెప్పిన కడ్డీకి 0.025 ఓమ్ వస్తుంది. 50 మిల్లీ యాంప్స్ పంపితే 1.25 మిల్లీ వోల్ట్. మామూలు మల్టీమీటర్ చాలదు, కనీసం మైక్రో వోల్ట్ చూపించేది కావాలి.

తీగల రెండు చివర్లూ వేర్వేరు టెంపరేచర్‌లో ఉంటాయి కాబట్టి కొన్ని మైక్రో వోల్ట్స్ థర్మో ఈఎంఎఫ్ ఊరికే వస్తుంది. ప్రతి పాయింట్ దగ్గరా కరెంట్ దిశ మార్చి రెండు రీడింగ్స్ తీసుకుని, తేడాలో సగం తీసుకోండి. ఇది చెయ్యని గ్రాఫ్‌లో రెసిస్టెన్స్ సున్నాకి పైనో, కిందికి నెగటివ్‌లోనో ఆగిపోతుంది.

టెంపరేచర్‌కి ప్లాటినం సెన్సర్ (పీటీ100) చాలు, 77 కెల్విన్ దగ్గర అది సుమారు 20 ఓమ్స్ చూపించాలి. సెన్సర్‌ని, శాంపిల్‌ని ఒకే రాగి ముక్క మీద పక్కపక్కన అతికించండి, మధ్యలో కరెంట్ పారకుండా సన్నని కాగితం. ఆ రాగి ముక్కని ద్రవంలో ముంచకుండా పైనున్న చల్లటి ఆవిరిలో కొంచెం కొంచెంగా దించండి, నిమిషానికి ఒక కెల్విన్ కన్నా వేగం వద్దు. దించేటప్పుడు, పైకి తీసేటప్పుడు రెండుసార్లూ రీడింగ్స్ తీసుకోండి. రెండు గ్రాఫ్‌లు పక్కకి జరిగి ఉంటే సెన్సర్ టెంపరేచర్, శాంపిల్ టెంపరేచర్ ఒకటి కాదు, ఇంకా నెమ్మదిగా చెయ్యాలి.

గ్రాఫ్‌లో ఏం చూడాలంటే:

- టీసీ పైన గీత వాలు. చల్లబడేకొద్దీ రెసిస్టెన్స్ దాదాపు సరళరేఖలో తగ్గాలి. హోల్స్ సరిపడా ఉన్న క్యూప్రేట్స్ (వైబీసీఓలా కాపర్-ఆక్సిజన్ ప్లేన్స్ ఉన్న పదార్థాలు) గుర్తు ఇదే. చల్లబడేకొద్దీ పెరుగుతుంటే ఆక్సిజన్ తక్కువ, లేదా గింజల మధ్య చెత్త పేరుకుంది.
- మొదలు, ముగింపు రెండూ రాయండి. "టీసీ 92" అని ఒక్క అంకె రాయకుండా తగ్గడం మొదలైన చోటు, సున్నా అయిన చోటు విడిగా ఇవ్వండి. తేడా రెండు మూడు కెల్విన్ లోపు ఉంటే చాలా మంచి పెల్లెట్.
- సున్నా అంటే ఎంత. మీ మీటర్ ఒక మైక్రో వోల్ట్ దాకా చూస్తే, 50 మిల్లీ యాంప్స్ దగ్గర మీరు చెప్పగలిగింది "20 మైక్రో ఓమ్ కన్నా తక్కువ" అని మాత్రమే. రిపోర్ట్‌లో అలాగే రాయండి.
- కరెంట్ మార్చి చూడండి. కరెంట్ పెంచితే మొదలయ్యే చోటు మారదు, సున్నా అయ్యే చోటు కిందికి జారుతుంది. వైబీసీఓలో జతల సైజు ప్లేన్‌లో ఒకటిన్నర నానోమీటర్ దగ్గరే ఉంటుంది, రెండు గింజల మధ్య అంచు కూడా ఇంచుమించు అంతే వెడల్పు, అందుకే ఆ అంచు దాటడం వాటికి కష్టం. పెల్లెట్ ఎంత బాగా చేసినా మంచి థిన్ ఫిల్మ్ మోసే కరెంట్‌లో చాలా చిన్న వంతే మోసేది ఇందుకే.

రెసిస్టెన్స్ పడిపోయినంత మాత్రాన సూపర్ కండక్టర్ అయిపోదు. 2023లో కొరియా నుంచి రూమ్ టెంపరేచర్ సూపర్ కండక్టర్ అంటూ వచ్చిన ఎల్‌కే-99 అనే పదార్థం విషయంలో 100 డిగ్రీలు దాటిన చోట కనపడిన రెసిస్టెన్స్ పతనానికి కారణం అందులో మలినంగా ఉన్న కాపర్ సల్ఫైడ్ ఫేజ్ మార్పు అని తర్వాత తేలింది. జీరో రెసిస్టెన్స్, ఫీల్డ్‌ని నెట్టడం రెండూ ఒకే టెంపరేచర్ దగ్గర చూపించినప్పుడే నమ్మకంగా రాయండి.

## 10. తేడా వస్తే ఏం చెయ్యాలి

నల్లగా ఉంది, మాగ్నెట్ లేవలేదు. ఆక్సిజన్ అనుమానించండి. అదే పెల్లెట్‌ని ఆక్సిజన్‌లో 600 దాకా తీసుకెళ్ళి, నెమ్మదిగా 450కి దించి ఒక రోజున్నర ఉంచండి. మళ్ళీ 940కి పోవక్కర్లేదు.

పచ్చ మచ్చలు. 211 ఫేజ్. కారణాలు మూడు: తూకం తప్పు, 1000 దాటిన వేడి, తేమ. మచ్చలు తక్కువైతే పొడి చేసి ఇంకోసారి 920 దగ్గర కాల్చి చూడండి. తూకమే తప్పైతే కొత్త బ్యాచ్ తప్ప దారి లేదు. ఫర్నేస్ డిస్‌ప్లేని గుడ్డిగా నమ్మొద్దు, పెల్లెట్ ఉండే చోట వేరే థర్మోకపుల్ పెట్టి ఒకసారి సరిచూడండి.

గ్రాఫ్‌లో రెండు మెట్లు. 90 దగ్గర కొంత పడి, ఇంకా కింద ఇంకో మెట్టు వస్తే పైపొరకీ మధ్యకీ ఆక్సిజన్ తేడా ఉంది, లేదా గింజల మధ్య లింకులు బలహీనం. కరెంట్ బాగా తగ్గించి కొలవండి, కింది మెట్టు పైకి జరిగితే లింకుల సమస్య. జరగకపోతే ఎక్కువసేపు ఆక్సిజన్‌లో ఉంచండి.

పెల్లెట్ పగిలింది. టెట్రాగొనల్ నుంచి ఆర్థోరాంబిక్ మారేటప్పుడు సైజు మారుతుంది, 700, 500 మధ్య వేగం తగ్గించండి. నైట్రోజన్‌లోకి ఒక్కసారిగా పడేసినా పగులుతుంది, ముందు ఆవిరిలో కాసేపు పట్టుకోండి.

మొదట్లో పనిచేసింది, నెల తర్వాత చెయ్యట్లేదు. నీళ్ళు. వైబీసీఓ తేమతో రియాక్ట్ అయి బేరియం హైడ్రాక్సైడ్, 211, కాపర్ ఆక్సైడ్‌గా విడిపోతుంది. నైట్రోజన్‌లోంచి తీసిన ప్రతిసారీ దానిమీద మంచు పడుతుంది, అది కరిగి నీళ్ళవుతుంది. తీసిన వెంటనే డ్రయర్ గాలి పెట్టి రూమ్ టెంపరేచర్‌కి తెచ్చి, సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో పెట్టండి. తెల్ల పొర కనిపిస్తే ఎమరీ పేపర్‌తో పైపైన గీకి చూడండి, లోపల బాగుంటే మళ్ళీ పనిచేస్తుంది. గీకిన పొడిలో బేరియం ఉంటుంది, మాస్క్ మర్చిపోవద్దు.

## 11. మూడో పెల్లెట్‌తో క్వెంచ్ ప్రయోగం

టైం ఉంటే ఇది తప్పకుండా చెయ్యండి, వైవాలో మొదటి స్టెప్‌లో చెప్పిన ఫిజిక్స్ అంతా మీ సొంత డేటాతో చూపించొచ్చు.

1. బాగా పనిచేసే పెల్లెట్ తూచండి, మాగ్నెట్ టెస్ట్ చెయ్యండి, ఆరబెట్టి మళ్ళీ తూచండి
2. గాలిలో 900 దగ్గర రెండు గంటలు ఉంచి, పట్టకారుతో తీసి చల్లటి మందపాటి రాగి పలక మీద పెట్టండి, నీళ్ళలో వద్దు (ముఖానికి షీల్డ్, వేడికి ఆగే గ్లవ్స్ ఉండాలి)
3. తూచండి, మాగ్నెట్ టెస్ట్ చెయ్యండి
4. ఆక్సిజన్‌లో 600 నుంచి నెమ్మదిగా 450కి దించి ఒక రోజున్నర ఉంచండి
5. మళ్ళీ తూచండి, మళ్ళీ మాగ్నెట్ టెస్ట్

ఒకటిన్నర గ్రాముల పెల్లెట్‌లో ఆక్సిజన్ 6.9 నుంచి 6.3కి పడితే బరువు సుమారు 20 మిల్లీగ్రాములు తగ్గుతుంది, మీ బ్యాలెన్స్ ఇది సులువుగా చూపిస్తుంది. మూడో స్టెప్‌లో మాగ్నెట్ లేవదు, ఐదో స్టెప్‌లో ఆ 20 మిల్లీగ్రాములు తిరిగొచ్చి మాగ్నెట్ లేస్తుంది. ఇట్రియం, బేరియం, కాపర్ ఏవీ మారలేదు, మారింది ఆక్సిజన్ ఒక్కటే. క్వెంచ్‌లో ముక్కలు రాలితే బరువు లెక్క తప్పుతుంది కాబట్టి రాలిన ముక్కలు కూడా ఏరి కలిపి తూచండి, రెండో స్టెప్ తర్వాత ఎక్స్‌ఆర్‌డీ కూడా తీయించి 32.5, 32.8 జంటలో ఏది పెద్దదో ముందుదాని పక్కన పెట్టి రిపోర్ట్‌లో అతికించండి.